దివాను ఎక్కని పడవ

పడవ మునిగితే తప్పెవరిదర్రా, నడిపినవాడిదా, బరువెక్కించినవాడిదా?

పూర్వం రాజుగారి పడవ నడిపే గంగులుకి ఈ చిక్కే వచ్చింది. ఖరీదైన అద్దాల దీపాలన్నీ నడియేట్లో మునిగిపోయాయి.

"బరువు సరిగ్గానే ఉంది ప్రభూ! వీడికే నడపడం చేతకాదు, కొలువులోంచి తీసెయ్యండి," అన్నాడు దగ్గరుండి సరుకెక్కించిన దివాను.

ఈ పని పోతే గంగులు ఇంట్లో పొయ్యి వెలగదు. పడవ పక్కన గీసిన ఎర్రగీత మునిగేంత బరువు వెయ్యకూడదని తను మొత్తుకున్నాడు, కానీ సాక్షి లేడు.

"ప్రభూ, అలాంటి పడవలోనే అంతే బరువు మళ్ళీ ఎక్కించండి. మీకు నచ్చినవాడిచేత నడిపించండి. దివానుగారు అందులో కూర్చుని అవతలి ఒడ్డు చేరితే నేనే వెళ్ళిపోతాను," అన్నాడు గంగులు.

రాజు సరేనన్నాడు. ఇసుక మూటలు ఎక్కేకొద్దీ నీళ్ళు ఎర్రగీతను మింగేశాయి. అందరూ దివాను వంకే చూశారు. ఆయన కాలు ఒడ్డు వదల్లేదు.

"గంగులూ, మూటలు దింపించు. ఇకమీదట ఎంత ఎక్కించాలో నువ్వే చెప్పు," అన్నాడు రాజు.

ఇక లేవనివ్వండర్రా, రోట్లో పిండి సగంలో వదిలేసి వచ్చాను.