నిశ్శబ్దానికి కాపలా కాసిన గాడిద

అనగనగా ఒక అడవిలో... ఆగండాగండి, అడవి అనగానే పులుల్నీ సింహాల్నీ ఊహించేసుకోకండి. సముద్రం పక్కన ఓ సరుగుడు తోట, అంతే. దాంట్లో మెలికలు తిరుగుతూ ఒక కాలిబాట. పొద్దున్నే జంతువులన్నీ ఆ బాట మీద షికారుకొచ్చేవి. ఎవరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. పైన సరుగుడు కొమ్మల్లో గాలి, అవతల అలల చప్పుడు, కాళ్ల కింద మెత్తటి ఇసుక. ఇంకేం కావాలి?

ఆ తోటకి ఒకరోజు ఒక గాడిద వచ్చింది. పాపం, పదేళ్లు ఇటుక బట్టీలో బరువులు మోసింది. లారీల మోతకీ, మేస్త్రీ కేకలకీ దాని చెవులు దిబ్బెళ్లు పడిపోయాయి. తోటలో అడుగు పెట్టగానే దానికి కళ్లనీళ్లొచ్చాయి.

"అబ్బ, ఎంత హాయిగా ఉంది! ఈ నిశ్శబ్దానికి కాపలా ఎవరు?" అని అడిగింది.

"కాపలా ఎవరూ లేరు మామా. అలా ఉందంతే," అంది కుందేలు.

గాడిదకి గుండె ఆగినంత పనైంది. "కాపలా లేకుండా వదిలేశారా! ఎవరైనా పాడు చేస్తే?" అని, ఆ క్షణమే ఆ ఉద్యోగంలో చేరిపోయింది. ఎవరూ ఇవ్వలేదు. అదే తీసుకుంది.

"ఇకనుంచి గొంతెత్తిన వాళ్లు తోట విడిచి వెళ్లిపోవాలి," అని చాటింపు వేసింది. జంతువులు మొహమొహాలు చూసుకున్నాయి. ఎదురు చెబితే అదో చప్పుడు. అందుకని ఊరుకున్నాయి.

మొదటిరోజు ఉడుత దొరికింది. చెట్టు మీద కూర్చుని సరుగుడు కాయ కొరుకుతోంది.

"ఏయ్, ఏంటా కటకట? నానబెట్టుకుని తిను," అంది గాడిద. ఉడుత ఆ కాయని ఓ నీళ్లగుంటలో పడేసి, దాని ముందు కూర్చుంది.

రెండోరోజు పీతలు దొరికాయి.

"మీరు అడ్డంగా పరిగెడుతుంటే గరగరమంటోంది. తిన్నగా, ఒకదాని వెనక ఒకటి నడవండి," అంది గాడిద. పీతలు ప్రయత్నించాయి. మధ్యాహ్నానికి మొదటి పీత ఇంకా బయలుదేరిన చోటే ఉంది.

మూడోరోజు తీతువు పిట్ట దొరికింది. తీతువు చెట్టు మీద గూడు కట్టదు, తెలుసుగా? బాట మలుపులో ఇసుకలోనే చిన్న గుంట చేసుకుని నాలుగు గుడ్లు పెట్టింది. అవి చూడ్డానికి అచ్చం గులకరాళ్లే. ఎవరైనా అటు వస్తే తీతువు గోలగోలగా అరిచేది. అందరూ పక్కకి తప్పుకుని నడిచేవారు. ఆ తోటలో ఎప్పటినుంచో అదే పద్ధతి.

"ఓరి నాయనో, అదేం గొంతు తల్లీ! ఊళ్లో జనం నీ అరుపు వింటే అపశకునమని ప్రయాణాలు మానుకుంటారు. ఇక నోరెత్తకు," అంది గాడిద.

"అరవకపోతే ఇక్కడ గుడ్లున్నాయని ఎవరికి తెలుస్తుంది మామా? తొక్కేస్తారు," అంది తీతువు.

"మెల్లగా చెప్పు."

"ఎంత మెల్లగా?"

"వినపడనంత."

తీతువుకి ఏడుపొచ్చింది. తోట వదిలి పోదామంటే గుడ్లు మోసుకెళ్లలేదు. ఉందామంటే నోరెత్తకూడదు. ఏం చేస్తుంది? నోరు కట్టేసుకుని గుడ్ల మీద కూర్చుంది.

మర్నాడు పొద్దున ఎక్కడో కొమ్మల్లో కోకిల కూసింది. గాడిదకి ఒళ్లు మండిపోయింది. తల పైకెత్తి కోకిల కోసం వెతుకుతూ, "నిశ్శబ్దం! నిశ్శబ్దం!" అని ఓండ్రపెడుతూ బాట మీద పరిగెత్తింది. కుందేలు రెండు చెవులూ మూసుకుంది.

తీతువుకి గాడిద గిట్టలు కనిపించాయి. తోటలోంచి గెంటేస్తే గెంటేయనీ అనుకుంది. ఉన్న గొంతంతా పెట్టి అరిచింది. ఎగిరి దాని మొహం ముందు రెక్కలు టపటపలాడించింది. ఆ ఓండ్ర ముందు పిట్ట గొంతెంత చెప్పండి!

కాలి కింద ఏదో చిట్లింది. గాడిద ఆగి కిందికి చూసింది. రెండు గుడ్లు పోయాయి.

చాలాసేపు తోటలో ఎవరూ మాట్లాడలేదు. గాడిద కోరుకున్న నిశ్శబ్దం అదే. దానికి అది అస్సలు బాగోలేదు.

"ఒక్క కేక వేయకపోయావా తల్లీ?" అంది గాడిద.

"వేశాను మామా," అంది తీతువు. "నువ్వప్పుడు నిశ్శబ్దం అంటున్నావు."

గాడిద మిగిలిన రెండు గుడ్ల పక్కన, బాటకి అడ్డంగా నిలబడిపోయింది. ఎండొచ్చినా కదల్లేదు, వానొచ్చినా కదల్లేదు. వచ్చేవాళ్లు దాన్ని చుట్టి నడిచారు. ఉడుత నానిన కాయ పారేసి ఎండుకాయ తెచ్చుకుని, సరిగ్గా దాని నెత్తి మీది కొమ్మనే కూర్చుని కటకట కొరికింది. పీతలు దాని కాళ్ల మధ్య నుంచి అడ్డంగా పరిగెత్తాయి. గాడిద చెవి కూడా ఆడించలేదు.

కొన్నాళ్లకి ఒక పొద్దున ఆ గుడ్లు పగిలి రెండు పిల్లలు బయటికొచ్చాయి. ఒంటి తడైనా ఆరలేదు. ఎదురుగా గాడిద గిట్టల్ని చూసి తోటంతా దద్దరిల్లేలా అరిచాయి.

గాడిద జాగ్రత్తగా కిందికి చూసుకుంటూ రెండడుగులు వెనక్కి వేసింది.

"వినపడిందమ్మా," అంది.

నీతి: ఎదుటివాళ్ల నోరు మూయించే ముందు, మన అరుపు ఎంతుందో మనం ఒకసారి విని చూసుకోవాలి.