మజ్జిగ ఎవరింటిది?

ఎవరేమి అడిగినా చిదంబరయ్యగారు కూర్చోబెట్టి జవాబు చెప్పే మనిషి కాదు. అడిగినవాడి మొహంలోకి కాసేపు చూసి, ఏదో ఒక పని చెప్పి పంపేసేవారు. వంశధార ఒడ్డున ఆయన నడిపే చిన్న పాఠశాలకు వేదాంతం చదువుకుందామని వచ్చినవాళ్ళు మొదట్లో దీనికి నొచ్చుకునేవారు. తర్వాత అలవాటు పడేవారు.

విశ్వపతి ఇంకా అలవాటు పడలేదు. పట్నంలో లెక్కలు చెప్పే అధ్యాపకుడు. మనసు బాగుండక సెలవు పెట్టి వచ్చాడు. ఏది పట్టుకున్నా పద్ధతిగా చేసే స్వభావం. తెల్లవారకముందే లేచి ఏట్లో స్నానం చేసేవాడు. సూర్యుడికి, నేలకు, నీటికి, అన్నానికి, గురువుకు వరసగా కృతజ్ఞతలు చెప్పుకునేవాడు. ఆ తర్వాత కళ్ళు మూసుకుని, లోపల సంతోషం ఏమైనా పుట్టిందా అని వెతుక్కునేవాడు. ఏమీ కనిపించేది కాదు.

ఒకనాటి మధ్యాహ్నం భోజనాల దగ్గర ఉండబట్టలేక అడిగేశాడు.

"అయ్యగారూ, కృతజ్ఞత ఉన్నచోట సంతోషం ఉంటుందని మీరే అన్నారు. ఒక్కరోజు కూడా తప్పకుండా చేస్తున్నాను. మరి నాకెందుకు రావడం లేదు?"

చిదంబరయ్యగారు ఆఖరి ముద్ద కలుపుకుంటున్నారు. "మజ్జిగ కమ్మగా ఉంది కదూ?" అన్నారు.

"ఉందండీ."

"ఎవరింటిది?"

విశ్వపతికి తెలియదు. చీకటితోనే ఎవరో వంటింటి అరుగు మీద కుండ పెట్టి వెళతారని మాత్రం తెలుసు.

"కనుక్కుని, వాళ్ళకొక మంచిమాట చెప్పి రా" అన్నారు చిదంబరయ్యగారు.

ఆ కుండ జీడితోట అవతల ఉండే పైడితల్లిదని వంటాయన చెప్పాడు. విశ్వపతి చిరాగ్గానే బయల్దేరాడు. దారిలో ఏమనాలో సిద్ధం చేసుకున్నాడు. 'అమ్మా, మీరు పంపే మజ్జిగకు నేనెంతో కృతజ్ఞుణ్ణి.' పైకి అనుకుని చూస్తే అది కాలేజీ సభలో ఉపన్యాసంలా వినిపించింది. ఇంకాస్త తగ్గించాడు. అంతలో తోట దాటేశాడు. పశువు మూలుగు వినపడింది.

దొడ్లో పాడిగేదెకు అవతల చూలు గేదె ఒకటి పక్కకు ఒరిగి పడుకుని ఉంది. దాని వెనక మోకాళ్ళ మీద కూర్చున్న ఆడమనిషి తలెత్తి చూసింది. మోచేతుల దాకా నెత్తురు.

"ఎవులు బాబూ నువ్వు? ఎవులైతే నాకేటి, ఇలాగ రా! ఈ తాడట్టుకో!"

ఆవిడే పైడితల్లి. పెనిమిటి పశువుల డాక్టరు కోసం ఏరు దాటి వెళ్ళి ఇంకా రాలేదు. దూడ ముందుకాలు ఒకటి లోపలే మడత పడిపోయింది. ఎప్పుడూ ఇలాంటి పని చెయ్యని మనిషి, భయపడుతూనే చెయ్యి పెట్టి అప్పుడే దాన్ని సరిచేసింది. కాళ్ళకు తాడు కట్టింది. ఇక లాగాలి. ఒక్కదానికి బలం చాలడం లేదు.

విశ్వపతి పంచె ఎగ్గట్టి తాడు పట్టుకున్నాడు. గేదె ముక్కినప్పుడల్లా ఇద్దరూ లాగారు. పేడలో కాలు జారి అతను చతికిలబడ్డాడు, లేచి మళ్ళీ లాగాడు. ముట్టె వచ్చింది. తల వచ్చింది. ఆ తర్వాత దూడ మొత్తం ఒక్కసారిగా జారి ఇద్దరి ఒళ్ళో పడింది.

అది కదల్లేదు.

"కిందటేడూ ఇంతే బాబూ. సచ్చే పుట్టింది. ఈ గేదె దానికోసం ఎన్నాళ్ళు అరిసిందో..." పైడితల్లి మొహం కప్పుకుంది.

చిన్నప్పుడు అమ్మమ్మగారి పశువులశాలలో చూసిందేదో విశ్వపతికి లీలగా మెదిలింది. అది నిజంగా చూశాడో, ఎవరో చెప్పగా విన్నాడో తెలియదు. అయినా దూడ నోట్లో వేలుపెట్టి జిగురంతా తీసేశాడు. గడ్డిపరక ఒకటి పీకి దాని ముక్కులో పొడిచాడు. భుజం మీది ఉత్తరీయంతో పక్కలు గట్టిగా రుద్దాడు. ఏమీ లేదు. మళ్ళీ పొడిచాడు, మళ్ళీ రుద్దాడు.

"తుమ్మవే తల్లీ! తుమ్ము!" అని అరిచాడు. తరగతిలో కూడా ఎన్నడూ గొంతు పెంచని మనిషి.

దూడ తుమ్మింది. అతని మొహం నిండా తుమ్మింది.

"తుమ్మింది! పైడితల్లమ్మా, తుమ్మింది!"

పైడితల్లి ఒక్క ఉదుటున లేచి వచ్చింది. దూడ పొట్ట ఎగసిపడుతోంది. ఆవిడ ఏడుస్తోంది, నవ్వుతోంది, అతని వీపు మీద చరుస్తోంది. గేదె మెడ తిప్పి బిడ్డను నాకడం మొదలుపెట్టి, దారిలో అడ్డొచ్చిన విశ్వపతి చేతిని కూడా నాకేసింది. కేకలు విని ఇరుగుపొరుగు పరిగెత్తుకొచ్చారు. అందరూ చూస్తుండగా దూడ లేవబోయి పడింది, మళ్ళీ లేవబోయి పడింది, చివరికి నాలుగు కాళ్ళూ నాలుగు వైపులకు చాపి నిలబడింది.

పొద్దు వాలుతుండగా పాఠశాల అరుగు మీద సాయంత్రం పాఠం నడుస్తోంది. ఉత్తరీయం లేకుండా, పేడా నెత్తురూ పులుముకుని పరిగెత్తుకొస్తున్న మనిషిని ముందు ఎవరూ పోల్చుకోలేదు.

"పెయ్య దూడండీ! బతికింది! నిలబడింది కూడాను!" అంటూ విశ్వపతి మెట్ల దగ్గరే మొదలుపెట్టాడు. ఊపిరి ఆడక మధ్యలో ఆగాడు. చెప్పిందే మళ్ళీ చెప్పాడు. దూడ ఎలా నిలబడిందో చేతులూ కాళ్ళూ చాపి చూపించాడు. పాఠం వింటున్నవాళ్ళు పుస్తకాలు పక్కనపెట్టి అతని చుట్టూ మూగారు. మధ్యాహ్నం అడిగిన ప్రశ్న అతను ఎత్తలేదు. చిదంబరయ్యగారూ గుర్తుచెయ్యలేదు.

"చాలా బాగుంది. మరి ఆవిడకు చెప్పవలసిన మాట చెప్పావా?" అని మాత్రం అడిగారు.

విశ్వపతి నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, వెళ్ళిన పనే మరిచిపోయానండీ!" అని, కాళ్ళయినా కడుక్కోకుండా వచ్చిన దారినే మళ్ళీ పరుగందుకున్నాడు.

చిదంబరయ్యగారు గబగబా అరుగు దిగి, చెప్పుల కోసం కూడా చూడకుండా అతని వెనకే అడుగులు వేస్తూ కేకేశారు.

"ఆగు నాయనా, నేనూ వస్తున్నాను. ఇన్నేళ్ళుగా ఆ మజ్జిగ తాగుతున్నది నేను!"