జకరయ్య గారి కోడికూత

ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు వేదాద్రి మాస్టారికి లేదు. చెవులకు తగిలించుకున్న హెడ్‌ఫోన్లు తీసి, ఉత్తరీయం కొసతో తుడిచి, అప్పుడు నోరు విప్పుతారు. తుడవడం ఎంతసేపు సాగితే ప్రశ్న అంత చిక్కుదని శిష్యులకు గుర్తు. రేపల్లెలో ఆయన మేడమీది గదిలో కూర్చుని, లైసెన్సు తీసుకుని సొంత రేడియో సెట్ల మీద ఒకరితో ఒకరు మాట్లాడుకునే హామ్ రేడియో నేర్చుకున్నవాళ్లు నలభై మందికి పైనే ఉన్నారు. వాళ్లలో ఫణీంద్ర ఈ ప్రశ్న అడిగిన రోజున తుడవడం చాలాసేపు సాగింది.

"మాస్టారూ, మనిషికి బదులు రికార్డరు మాట్లాడితే అది హాజరు కిందకి వస్తుందా?"

అడిగినవాడేమీ అమాయకుడు కాడు. ఫణీంద్రది విద్యుత్తు శాఖలో మీటర్లు తనిఖీ చేసే ఉద్యోగం. ఇరవై ఏళ్లుగా ఊళ్లు తిరిగి, ఆగిపోయిన చక్రాలనీ తెగిన సీళ్లనీ వెతికి వెతికి, ఎవరైనా చల్లటి మజ్జిగ చేతికిస్తే ఎందుకిస్తున్నారా అని ఆలోచించే స్థితికి వచ్చాడు. అలాంటి మనిషి చేతికి రేడియో వచ్చింది. రేడియోలో మొహాలు కనబడవు, గొంతులే వినబడతాయి. ఇక అతని అనుమానానికి అడ్డేముంది?

రోజూ పొద్దున్న ఆరున్నరకి ఆ చుట్టుపక్కల హాములంతా గాలిలో కలుసుకుంటారు. ఆ కూడికని నెట్ అంటారు. నడిపేవాడు ఒక్కొక్క పేరే పిలుస్తాడు. పిలిచినవాళ్లు తమ ఊళ్లో గాలీ వానా సంగతి ఒక్క ముక్క చెబుతారు. నడిపేవాడు "స్పష్టంగా అందింది, ధన్యవాదాలు" అని తరవాతి పేరుకి పోతాడు. పద్దెనిమిది పేర్లు, పదిహేను నిమిషాలు. మాస్టారు నడిపినా, ఫణీంద్ర నడిపినా అదే మాట, అదే వరస. ఆ పేర్లలో అన్నిటికన్నా ముఖ్యమైనది జకరయ్యది. ఆయన లైట్‌హౌసులో పనిచేసి రిటైరై, దిబ్బలపాలెంలో సముద్రం ఒడ్డునే ఉంటున్నాడు. తుఫాను రోజుల్లో గట్టు మీది కబురు ఆయన చెప్పాలి. అందరూ ఆ కబురు విని కదలాలి.

ఆ జకరయ్య మీదే ఫణీంద్ర కన్ను పడింది. కన్ను కాదు, చెవి. "ఒళ్లు కులాసా, గాలి తేలిక" అని జకరయ్య అనగానే వెనకాల ఒక కోడి కూస్తుంది. కోడి కూయడంలో వింతేముంది? కానీ మర్నాడూ సరిగ్గా 'తేలిక' దగ్గరే కూసింది. ఆ మర్నాడూ అంతే. కొన్ని రోజులు కోడి ఉండదు, "గాలి ముదురుతోంది, పడవలు కట్టెయ్యండి" అని వినబడుతుంది. అప్పుడు వెనకాల కుర్చీ కిర్రుమంటుంది, ప్రతిసారీ 'పడవలు' దగ్గరే. ఫణీంద్ర పదిహేను రోజులు చెవులు రిక్కించి విన్నాడు. గుట్టు దొరికిపోయింది. మైకు పక్కన తగిలించుకునే చిన్న రికార్డరు పెట్టె ఒకటుంటుంది. ఎవరు ఎక్కువ మందిని పలకరిస్తారా అని హాములు పెట్టుకునే పోటీల రోజుల్లో గంటల తరబడి పిలిచి గొంతు బొంగురుపోకుండా, ముందే చెప్పిపెట్టుకున్న మాటని బటను నొక్కి పంపుతారు. అందులో తప్పు లేదు. కానీ ఈ ముసలాయన దాన్ని రోజువారీ హాజరుకి వాడుతున్నాడు! కోడికి ఒక బటను, కుర్చీకి ఒక బటను. ఎంత తెలివి! బటను నొక్కేసి ముసుగుతన్ని పడుకుంటున్నాడు కాబోలు.

"రేపు ఉప్పెన వచ్చినా ఆ పెట్టె గాలి తేలికనే అంటుంది మాస్టారూ. దాన్ని నమ్ముకుని ఊళ్లు మునగాలా? తుఫాన్ల కాలం నెత్తిమీదకొచ్చింది. గట్టు కాపలాలోంచి ఆయన పేరు తీసెయ్యండి."

మాట న్యాయమైనదే. జకరయ్య చెప్పిన గాలి ఆ రోజు నిజంగా అలాగే వీచిందా లేదా అన్నది మాత్రం ఫణీంద్ర ఒక్కనాడూ చూసుకోలేదు. గొంతు దొంగదైతే గాలి సంగతి ఎవడిక్కావాలి?

మాస్టారు హెడ్‌ఫోన్లు తుడవడం ముగించి, "రేపు నెట్ నువ్వు నడుపు. పేరు తీసేముందు ఒక మాట అడిగి చూడు" అన్నారు.

ఫణీంద్ర ఉత్సాహంగా తయారయ్యాడు. పెట్టెలో ఉండడానికి వీల్లేని ప్రశ్న కావాలి. గాలి గురించి అడిగితే ఏదో ఒక బటను దొరుకుతుంది. మర్నాడు జకరయ్య పేరు పిలిచాడు. ఒళ్లు కులాసా అంది గొంతు, గాలి తేలిక అంది, కోడి కూసింది. ఫణీంద్ర నవ్వుకుని, మైకు దగ్గరికి జరిగాడు.

"జకరయ్య గారూ, ఇవాళ టిఫినేం చేశారు?"

జవాబు లేదు. మళ్లీ అడిగాడు. మైకు తెరుచుకున్న చప్పుడైంది, ఏదో బరబరమంది, మూసుకుపోయింది. మిగతా పదహారు మందీ వింటున్నారు. ఫణీంద్ర వాళ్లందరికీ వినబడేలా "దిబ్బలపాలెం స్టేషను గైరుహాజరు" అని చెప్పి, పుస్తకంలో ఆ పేరు మీద గీత గీశాడు. అతనికి ఆ క్షణంలో కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు.

మాస్టారు లేచి చెప్పులు వేసుకున్నారు. "పద, చూసొద్దాం."

దిబ్బలపాలెంలో జకరయ్యది రెండు గదుల పెంకుటిల్లు. గడప దగ్గర ఫణీంద్ర అలవాటుకొద్దీ ముందు మీటరు వంక చూశాడు. చక్రం సక్రమంగానే తిరుగుతోంది. కోడి కోసం కూడా చూశాడు. ఎక్కడా లేదు.

"కోడా? అది పోయిన క్రిస్మస్‌కే కూరైపోయింది బాబూ" అంది జకరయ్య భార్య సువార్తమ్మ.

లోపల కిటికీ పక్క పేము కుర్చీలో జకరయ్య ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంది. మూతి ఒక పక్కకి లాగేసింది. ఎడంచేతికి అందేలా రేడియో, దాని పక్కన నాలుగు బటన్ల పెట్టె. మాస్టార్ని చూసి లేవబోయి లేవలేకపోయాడు.

"జనవరిలో కుడిపక్క పడిపోయింది మాస్టారూ. నోరు కూడా పడిపోయింది. ఎప్పుడో దగ్గు ఎక్కువగా ఉన్నప్పుడు నాలుగు మాటలు ఆ పెట్టెలో పెట్టుకున్నాడు. ఇప్పుడవే ఆయన మాటలు. పొద్దున్నే లేపమంటాడు. కిటికీ తెరిపించి, ఎడం చెయ్యి బయటపెట్టి గాలి చూసుకుంటాడు, సముద్రం హోరు వింటాడు. ఆ తరవాతే ఏది నొక్కాలో తేల్చుకుంటాడు. నన్ను చెప్పనిస్తాడా? గోడమీద లైసెన్సు కాగితం చూపిస్తాడు, అందులో నా పేరు లేదని."

"ఎనిమిది నెలలు, ఒక్క కబురైనా పెట్టకపోయావా అమ్మా?" అన్నారు మాస్టారు.

"ఎవరన్నా ఎట్లా ఉన్నావని అడిగితే అప్పుడు చెబుదాంలే అనుకున్నాం. ఒక్కరన్నా అడగలేదు." సువార్తమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "ఇవాళ ఎవరో అడిగారు బాబూ, టిఫినేం చేశావని! చెప్పాలని ఎంత గింజుకున్నాడో! మైకు పట్టుకుని నోరు తిప్పాడు, తిప్పాడు, ఇడ్లీ అనే మాట రాలేదు. ఏడ్చాడు. అయినా ఆయన మొహం చూడండి, పొద్దుటినుంచీ ఎట్లా వెలుగుతోందో. ఎవరా అడిగింది?"

ఫణీంద్ర తలదించుకుని, "నేనేనమ్మా" అన్నాడు.

"చల్లగా ఉండు నాయనా" అని సువార్తమ్మ అతని తలమీద చెయ్యి పెట్టింది. ఎన్నో ఇళ్లలో ఎన్నో తిట్లు తిన్న మనిషి ఆ దీవెన ముందు నిలబడలేకపోయాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

మర్నాడు నెట్ మాస్టారే నడిపారు. జకరయ్య పేరు పిలిచారు. ఒళ్లు కులాసా, గాలి తేలిక, కోడికూత. మాస్టారు అలవాటుగా "స్పష్టంగా..." అని మొదలుపెట్టి, ఆగిపోయారు. కిటికీలోంచి చెయ్యి చాపి గాలి చూసుకున్నారు. తేలిగ్గానే ఉంది.

"జకరయ్య గారూ, ఇడ్లీ అయితే మైకు బటను ఒకసారి నొక్కండి. ఉప్మా అయితే రెండుసార్లు."

గాలిలో మూడుసార్లు టక్కుమంది.

"మూడా? చద్దన్నమా ఏమిటి?"

ఒక్కసారి, గట్టిగా, టక్కుమంది. పదహారు ఊళ్లలో పదహారు మంది నవ్వారు.

ఫణీంద్ర హాజరు పుస్తకం ముందు పెట్టుకుని, తాను గీసిన గీత వంక చూస్తూ, "మాస్టారూ, ఆయన్ని ఇవాళ్టి నుంచి హాజరు వెయ్యమంటారా?" అని అడిగాడు.

మాస్టారు ఈసారి హెడ్‌ఫోన్లు తుడవలేదు.

"ఆయన ఎనిమిది నెలలుగా హాజరే. ఇవాళ్టి నుంచి మనకి వెయ్యి."