నిమ్మపువ్వుల గది

జోగారావు నిమ్మచెట్టు పూస్తుంది గాని కాయదు. పూసిన పువ్వు పూసినట్టే రాలిపోతుంది. అతనికున్న బాధల్లో పెద్దది అదే.

చెట్టంటే పెరటి చెట్టు కాదు. ఇంట్లో, అమ్మవారి పటం ఉన్న తూర్పు గదిలో, కిటికీ అద్దం పక్కన పెద్ద మట్టికుండీలో ఉన్న చెట్టు. అది కొండ మీది ఊరు, చుట్టూ కాఫీ తోటలు. చలికాలం తెల్లారేసరికి గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు పేరుకుంటుంది. ఆ చలికి బయటి లేతమొక్కలు మాడిపోతాయి. అందుకే జోగారావు భార్య కనకం, నిమ్మకాయ ఊరగాయ పెట్టిన రోజున నాలుగు గింజలు ఏరి, పాత నూనెడబ్బాలో పాతి, డబ్బాని ఇంట్లోనే ఉంచింది.

మొలక రెండాకులు వేసింది చూసి, "మొదటి కాయ అమ్మవారికి పెడదామండీ," అంది.

ఆ పై చలికాలం ఆమె దాటలేదు. జ్వరంలో కళ్ళు తెరిచి, "మొక్కకి నీళ్ళు పోశారా?" అని అడిగింది. ఆమె అతన్ని అడిగిన వాటిలో ఆఖరుది అదే.

అప్పట్నించి ఆ మొక్క ఒక్కటే అతనికి లోకం. పెరిగినకొద్దీ కుండీ మార్చాడు. అన్ని వైపులా వెలుగు తగలాలని కుండీని కొద్దికొద్దిగా తిప్పేవాడు. ఆకుల మీద దుమ్ము తడిగుడ్డతో తుడిచేవాడు. స్నానం చేసి, తడిబట్టతో నూతిలో నీళ్ళు తోడి, అవే పోసేవాడు. కొన్నేళ్ళకి చెట్టు అతని భుజం దాటింది. ఒక మాఘమాసం పొద్దున తలుపు తీసేసరికి గదంతా వాసన. కొమ్మకొమ్మకీ తెల్లటి పువ్వులు.

జోగారావు గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు. ఆ సంతోషం కాసేపే. తరవాత నియమం గుర్తొచ్చింది.

దేవుడికి పెట్టే పువ్వుని వాసన చూడకూడదని మనవాళ్ళందరికీ తెలిసిందే. పూజకి పువ్వులు కోసేటప్పుడు మొహం పక్కకి తిప్పుకునే ఇల్లాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కనకం కూడా అలాగే చేసేది. అయితే వాసన చూసిన పువ్వు పనికిరాదన్నారు గాని, ఆ పువ్వుకి కాసిన కాయ కూడా పనికిరాదని ఎవరూ అనలేదు. జోగారావు నియమాలు మాత్రం శాస్త్రం కంటే ఎప్పుడూ ఓ అడుగు ముందే ఉండేవి. కాయ అమ్మవారిదైతే పువ్వూ అమ్మవారిదే. కాబట్టి ఆ పువ్వు దగ్గర ఎవరి ముక్కూ ఆనకూడదు. అంతే.

కిటికీ బిగించేశాడు. నీళ్ళు పోసేటప్పుడు ముక్కుకి తుండుగుడ్డ కట్టుకునేవాడు. ఒకసారి ఎలా దూరిందో ఒక తేనెటీగ గదిలోకి వచ్చింది. అది ఒక పువ్వు మీద వాలబోతుంటే జోగారావు ఉత్తరీయం విసురుతూ గదంతా తిరిగి, చివరికి దాన్ని బయటికి తోలాడు. ఈగకి మాత్రం ఎంగిలి ఉండదా అని అతని వాదన.

ఆ ఇంట్లో అతనితో పాటు చెల్లెలు వరాలమ్మ ఉండేది. చిన్నప్పుడే భర్త పోయాడు. కనకం పోయాక అన్నకి వండిపెట్టడానికి వచ్చి ఉండిపోయింది. చెట్టు పూసిన మొదటి ఏడు ఆమె వీధివాకిలి ఊడ్చి లోపలికి వస్తూ, ఆ వాసనకి అలాగే గదిలోకి నడిచివెళ్ళి, ఒక కొమ్మ మీదికి వంగింది.

"ఎంగిలి చేస్తావా! సిగ్గులేదూ?" అని జోగారావు కేకపెట్టాడు.

ఆమె గబుక్కున వెనక్కి తగ్గింది. తలలో పువ్వులు పెట్టుకోవడం పోయి ఎంతో కాలమైన మనిషికి పువ్వుల్లో మిగిలింది వాసన ఒక్కటే. ఆ మాట ఆమె అనలేదు, అతనికీ తోచలేదు. ఆనాటి నుంచి వరాలమ్మ ఆ గది గుమ్మం దాటలేదు. నీళ్ళచెంబు తెచ్చినా గడప ఇవతల పెట్టి వెళ్ళిపోయేది.

జోగారావు మాత్రం మధ్యాహ్నాలు ఆ గది మూల పీట వేసుకుని కూర్చునేవాడు. వాసన దానంతట అది వస్తే దోషం లేదు, మనం వెళ్ళి చూస్తేనే దోషం. అది కూడా అతను పెట్టుకున్న నియమమే. అద్దం అవతల పొగమంచు తెల్లగా నిలబడి ఉండేది. లోపల వాసన ఎటూ పోలేక అక్కడక్కడే తిరిగేది. అందులో కూర్చుంటే నిద్రా కాదు, మెలకువా కాదు. వెనక ఎవరో గాజుల చప్పుడు చేసినట్టుండేది. కనకం నిమ్మకాయలు కోసిన రోజున పొద్దుపోయేదాకా తన వేళ్ళు తనే వాసన చూసుకుంటూ ఉండేది. ఆ వేళ్ళు అతనికి కనిపించేవి. తిరిగి చూస్తే ఏమీ ఉండేది కాదు. నేల మీద మరో పువ్వు తొడిమతో సహా ఊడిపడి ఉండేది.

ఏటా అంతే. పూత, వాసన, ఆశ. ఆ తరవాత చీపురు.

ఊరికి ఎగువన, కోన అంచున, రెండు పూరిగదుల్లో ఒక సాధువు ఉండేవారు. అందరూ ఆయన్ని కోనస్వామి అనేవారు. బొడ్డు దాకా తెల్లటి గడ్డం. ఎక్కువ మాట్లాడే అలవాటు లేదు. జోగారావు చాలాకాలంగా ఆయన శిష్యుడు. వారం వారం వెళ్ళి, గదులు ఊడ్చి, కాళ్ళ దగ్గర కూర్చుని వచ్చేవాడు. ఆ ఏడు చెట్టు మళ్ళీ మొగ్గ తొడగగానే స్వామి దగ్గరికి వెళ్ళి గోడు చెప్పుకున్నాడు.

"స్వామీ, ఆ చెట్టు మీద మనిషి ఊపిరి కూడా తగలనివ్వలేదు. అంత మడిగా పెంచాను. ఈ పూతా రాలిపోతే కనకానికి నేనేం జవాబు చెప్పాలి? నా భక్తిలో లోపం ఎక్కడుందో చెప్పండి."

కోనస్వామి పొయ్యిలో పుల్లలు ఎగదోస్తున్నారు.

"ఎవరి ఊపిరీ తగల్లేదా?"

"ఎవరిదీ తగల్లేదు."

"నీది?"

"ముక్కుకి తుండుగుడ్డ కట్టుకుంటాను స్వామీ." ఆ మాట చెప్పేటప్పుడు జోగారావు గొంతులో కాస్త గర్వం వినిపించింది.

స్వామి నవ్వలేదు. పుల్ల ఒకటి తీసి చివర ఊది, మళ్ళీ పొయ్యిలో పెట్టారు.

"పువ్వులు విచ్చాక ఒకసారి వస్తాను," అన్నారు.

గురువు తన ఇంటికి రావడం జోగారావు ఎన్నడూ ఎరగడు. ఇల్లు అలికించాడు. గడపకి పసుపు రాయించాడు. మంచు విడిచీ విడవని ఒక పొద్దున స్వామి కర్ర పొడుచుకుంటూ దిగివచ్చారు. గడ్డం మీద మంచుబిందువులు. వరాలమ్మ కాళ్ళకి నీళ్ళిచ్చి, తూర్పు గది దాకా వెంట వచ్చి, గడప దగ్గర ఆగిపోయింది.

"నువ్వు రావేం తల్లీ?" అని స్వామి అడిగారు.

"అన్నయ్య వద్దన్నాడు స్వామీ," అంది ఆమె, తల దించుకుని.

స్వామి లోపలికి వెళ్ళారు. చెట్టు చుట్టూ ఒకసారి తిరిగారు. తరవాత కర్ర గోడకి ఆనించి, దగ్గరున్న కొమ్మని రెండు చేతులతో వంచుకుని, ఒక పువ్వులో ముక్కు పెట్టి హాయిగా వాసన పీల్చారు.

జోగారావు గబుక్కున ముందుకొచ్చాడు.

"స్వామీ... అవి అమ్మవారివి."

"తెలుసు," అన్నారు స్వామి. పక్క పువ్వు వాసన చూశారు. ఆ పక్కది. దాని పైది. ఆపైన వేరే కొమ్మ. ఒక్కొక్క పువ్వు దగ్గర కళ్ళు మూసుకుని, తొందర లేకుండా, మొహమంతా ముంచి, తీసి, మళ్ళీ ముంచారు. తెల్లటి గడ్డం ఒక పువ్వు మీంచి ఇంకో పువ్వు మీదికి జీరాడుతూ పోయింది. అందని కొమ్మకి మునివేళ్ళ మీద లేచారు. కిందివాటికి మోకాళ్ళ మీద కూర్చున్నారు. ముసలాయన తేనెటీగలాగా ఒక్క పువ్వునీ వదలడేం అనుకున్నాడు జోగారావు. ఇంకొకరైతే మెడపట్టి బయటికి గెంటేవాడే. గురువుని ఏం చేస్తాడు? ఉత్తరీయం నలుపుకుంటూ నిలబడ్డాడు.

గదిలో చాలాసేపు ఊపిరి చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.

చివరికి స్వామి కర్ర తీసుకుని గుమ్మంలోకి వచ్చారు. వరాలమ్మ ఆయన మొహం చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ ఇంట్లో ఆమె నవ్వగా విని ఎన్నాళ్ళయిందో.

"స్వామీ, గడ్డమంతా పుప్పొడి. తుడుచుకోడానికి గుడ్డ తెస్తానుండండి."

"వద్దులే తల్లీ, ఉండనీ," అని స్వామి పచ్చటి గడ్డంతో మంచులోకి నడిచి వెళ్ళిపోయారు.

జోగారావు ఆ పూట అన్నం తినలేదు. వారం వచ్చింది, కోనకి వెళ్ళలేదు. మరుసటి వారమూ వెళ్ళలేదు. ఇన్నేళ్ళ మడి ఒక్క పొద్దున మంటగలిసిపోయింది, అదీ గురువు చేతుల్లో. కనకం మాట ఇక తీరదని అతనికి ఏడుపొచ్చింది. తుండుగుడ్డ మూల పడేశాడు. నీళ్ళు పోయమని చెల్లెలికే చెప్పాడు. ఆమె గడప బయటే చెంబు పట్టుకుని నిలబడితే, విసుక్కుంటూ తనే లేచి పోశాడు. ఎప్పటిలాగే రేకులు రాలడం మొదలుపెట్టాయి. ఊడవడం కూడా మానేశాడు.

ఒక రోజు వరాలమ్మ గుమ్మంలోంచి భయం భయంగా పిలిచింది.

"అన్నయ్యా. ఇదివరకు పువ్వు తొడిమతో సహా రాలేది కదా. ఈసారి రేకులే రాలినట్టున్నాయి. ఇక్కణ్ణించి నాకు సరిగ్గా ఆనడంలేదు. ఒకసారి చూడు."

జోగారావు వెళ్ళి చూశాడు. రేకులు రాలిన చోట, తొడిమల చివర, పచ్చమిరియాలంత పిందెలు నిలబడి ఉన్నాయి. నమ్మలేక వేలితో తాకబోయి, వేలు వెనక్కి తీసుకున్నాడు.

కొన్ని రాలాయి. కొన్ని నిలిచాయి. ఎండలు పోయి, వానలు వచ్చి, కొండ మీద మబ్బులు ఇళ్ళ గుమ్మాల్లోంచి నడిచిపోతున్న రోజుల్లో ఒక కాయ పండి పసుపుపచ్చగా తిరిగింది. జోగారావు దాన్ని అరిటాకులో పెట్టుకుని కోనకి ఎక్కాడు. దారి కనిపించలేదు. మబ్బులో కాళ్ళే దారి గుర్తుపట్టి నడిచాయి.

స్వామి అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని అడగలేదు. జోగారావు కాళ్ళకి మొక్కి కాయని ఆయన ముందు పెట్టాడు.

"మీ మీద కోపం పెట్టుకున్నాను స్వామీ. క్షమించండి."

"కాయ బాగుంది," అన్నారు స్వామి.

"ఒక సందేహం. ఇది మీరు వాసన చూసిన పువ్వుకి కాసింది. అమ్మవారికి పెట్టొచ్చా?"

స్వామి కాయని చేతిలోకి తీసుకున్నారు. ముక్కు దగ్గర పెట్టుకుని దాన్ని కూడా వాసన చూశారు. జోగారావు ఈసారి చేతులు కట్టుకుని చూస్తున్నాడు. స్వామి కాయని తిరిగి అతని అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశారు.

"అమ్మవారు ఏ ముక్కుతో వాసన చూస్తుందనుకున్నావు నాయనా?"

అంతే అన్నారు. జోగారావు ఇంకా ఏమైనా చెబుతారేమోనని కూర్చున్నాడు. స్వామి మబ్బుని చూస్తూ ఉండిపోయారు.

దిగుతూంటే అరచేతి వేడికి కాయ వాసన వేసింది. కనకం వేళ్ళ వాసన. దారిపొడుగునా అది అతనితోనే వచ్చింది. పొద్దుపోయేదాకా వేళ్ళు వాసన చూసుకున్న ఆ మనిషి, పూజపువ్వులు కోసేటప్పుడు మొహం తిప్పుకుని ఎలా నిలబడేదో గుర్తొచ్చింది. గుమ్మం బయట చెంబుతో నిలబడే మరో మనిషి గుర్తొచ్చింది. ఏళ్ళ తరబడి. తను అన్న మాట కూడా గుర్తొచ్చింది. దారిలో ఒక బండ మీద కాసేపు కూర్చున్నాడు.

ఇల్లు చేరేసరికి వరాలమ్మ ఎదురొచ్చి, "స్వామి ఏమన్నారు? పెట్టొచ్చన్నారా?" అని ఆత్రంగా అడిగింది.

అతను తూర్పు గదిలోకి వెళ్ళి కాయని అమ్మవారి పటం ముందు పెట్టాడు. కిటికీ గడియ బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులా లాగి తెరిచాడు. మబ్బు చల్లగా లోపలికి వచ్చి చెట్టుని చుట్టుకుంది. వానాకాలం వచ్చాక చెట్టు మళ్ళీ పూసింది. ఆకుల మధ్య తెల్లగా కొత్తపువ్వులు.

"వరాలూ, లోపలికి రా."

ఆమె గడప దగ్గర తటపటాయించింది. "చేతులు కడుక్కొస్తానుండు అన్నయ్యా. వాకిలి ఊడుస్తున్నాను."

"అక్కర్లేదు. రా."

వరాలమ్మ గడప దాటింది. కొత్తచోటికి వచ్చినదానిలా అడుగులు వేసుకుంటూ చెట్టు దాకా వచ్చి నిలబడింది. జోగారావు ఒక కొమ్మని ఆమె మొహం దగ్గరికి వంచి పట్టుకున్నాడు. ఆమెకి ఏం చేయాలో తెలియలేదు. అలవాటుగా మొహం పక్కకి తిప్పుకుంది.

"పీల్చు," అన్నాడు. 

ఆమె అన్న వైపు ఒకసారి చూసి, కళ్ళు మూసుకుని, పువ్వులో మొహం పెట్టింది. మెల్లిగా, నిండా ఊపిరి పీల్చింది. తరవాత ఇంకో పువ్వు. మూసిన రెప్పల కిందినుంచి నీళ్ళు జారుతున్నా తుడుచుకోలేదు.

తలెత్తేసరికి ఆమె ముక్కు కొనన పసుపుపచ్చగా పుప్పొడి అంటి ఉంది.

అమ్మవారికి దణ్ణం పెట్టుకుందామని జోగారావు చేతులు జోడించాడు. పటం వైపు తిరగబోయాడు. తిరగలేదు. జోడించిన చేతులు ఆమె వైపే ఉండిపోయాయి.