మోరాగ్ తుడిచిన ముఖం

ఏడుస్తూ వచ్చినవాడికి బైబిలు వాక్యం ఎత్తి చూపే అలవాటు పాస్టరు దేవభూషణం అయ్యగారికి లేదు. ముందు కూర్చోబెట్టి కాఫీ తాగించేవారు. ఆయన దగ్గర బోధ నేర్చుకుంటున్న ఆనందరత్నానికి భార్య పోయి ఇంకా ఏడాది కాలేదు. ఓ సాయంత్రం ఉండబట్టలేక అడిగేశాడు. "ఎంత తలుచుకున్నా కృపావతి ముఖం గుర్తుకు రావడం లేదండీ అయ్యగారూ. ముఖమే మరిచినవాడికి ప్రేమ మాత్రం ఏం మిగిలినట్టు?"

అయ్యగారు చదువుకునే రోజుల్లో స్కాట్లండులో, చేపలు పట్టుకు బతికే ఒక ఊళ్ళో కొన్నాళ్ళు ఉన్నారు. అక్కడి సంగతి ఎత్తుకున్నారు.

సముద్రం మింగినవాళ్ళ పేరిట పాత రాతి చర్చిలో రంగుటద్దాల కిటికీలు పెట్టించడం ఆ ఊరి ఆనవాయితీ. మోరాగ్ అనే విధవరాలి ఒక్కగానొక్క కొడుకు పడవతో సహా పోయాడు. శవమైనా దొరకలేదు. ఫోటో అన్నది ముందే లేదు. కిటికీ చేసిన పనివాడు ఆ కుర్రాణ్ణి ఎరిగినవాడు గనక, ఏసు శిష్యుడైన యోహాను పడవలో నిలబడిన బొమ్మకు వాడి ముఖమే గీశాడు. లోకంలో ఆ బిడ్డ ముఖం మిగిలింది అక్కడొక్కచోటే. ఇక తల్లి ప్రాణం ఊరుకుంటుందా? ప్రతి శనివారం తడిగుడ్డ పట్టుకెళ్ళి, ఉప్పుగాలి మరకలు పోయేలా ఆ ముఖం తుడిచేది. పక్క అద్దాల జోలికి పోయేది కాదు. ఆదివారానికి కొడుకు శుభ్రంగా ఉండాలని ఆమె పట్టుదల.

ఏళ్ళు గడిచేకొద్దీ ముఖం మసకబారింది. మురికి పట్టిందనుకుని ఇంకా గట్టిగా రుద్దింది, పిచ్చితల్లి. చివరికి మరమ్మతుకొచ్చినవాడు చూసి ఉన్నమాట చెప్పేశాడు. బొమ్మ బట్టల రంగు గాజులోనే కలిసి ఉంటుంది గనక పోదు. కళ్ళూ ముక్కూ మాత్రం పైన గీసి బట్టీలో కాలుస్తారు, ఇది సరిగ్గా కాలలేదు. ఎవరూ ముట్టుకోకపోతే ఇంకా చాన్నాళ్ళు ఉండేదట.

మోరాగ్ తన చేతుల వంక చూసుకుంది. "అయితే నేనే తుడిచేశానన్నమాట," అంది.

ఆమె దుఃఖం చూడలేక చర్చి పెద్దలు కొత్త ముఖం గీయిస్తామన్నారు. వాడెలా ఉండేవాడో చెప్పమని బతిమాలారు. ఆమె నోరు తెరిచింది గానీ ఏమీ చెప్పలేకపోయింది. ఇన్నేళ్ళూ ఆ కిటికీ అద్దంలోనే చూసుకుంటూ వచ్చిన మనిషికి, కన్నబిడ్డ అసలు ముఖం మనసులోంచి ఎప్పుడో చెరిగిపోయింది. అంతకంటే ఘోరం తల్లికి ఇంకేముంటుంది?

ఆపై శనివారం మోరాగ్ తడిగుడ్డతో మళ్ళీ వచ్చింది. ఆపడానికి ఎవరికీ మనసొప్పలేదు. కళ్ళూ ముక్కూ లేని ఆ ఉత్త గాజుముక్కను ఎప్పటిలాగే తుడిచి ఇంటికి పోయింది.

అక్కడ ఇంకేముందని తుడిచిందండీ అని ఆనందరత్నం అడిగాడు.

"ముఖమే కదా నాయనా పోయింది," అన్నారు అయ్యగారు.