కెంపవ్వ కడుపులో ఊదా వెలుగు

ఒకప్పుడు ఆకాశంలో చుక్కలన్నీ కుదురుగా వెలిగేవి. ఉబ్బడం, ముడుచుకోవడం వాటికి తెలియనే తెలియదు.

వాటిలో కెంపవ్వ అని ఒక ముసలి ఎర్రచుక్క ఉండేది. ఒళ్ళు భారీ, వేడి తక్కువ. పక్కనే నీలాయి అని పడుచు చుక్క. నీలాయి ఒంట్లోంచి ఊదారంగుకు అవతలి వెలుగు ఒకటి వచ్చేది. అది తగిలితే చాలు, చక్కిలిగింతలు! పిల్లచుక్కలన్నీ ఎప్పుడూ దాని చుట్టూనే.

"నా ఒళ్ళో కాసేపు ఆడుకోండ్రా!" అని పిలిచేది కెంపవ్వ.

"నీ దగ్గర చక్కిలిగింతలు లేవుగా అవ్వా!" అనేవి పిల్లచుక్కలు.

ఆ మాట అవ్వకు ముల్లులా గుచ్చుకుంది. ఒకనాడు నీలాయి అటు తిరిగి కబుర్లాడుతుంటే, మెల్లగా చెయ్యి చాపి, ఆ వెలుగు గుప్పెడు తీసుకుని గుటుక్కున మింగేసింది.

ఇంకేముంది! కడుపులో ఒకటే గిలిగింత. నవ్వు ఆపుకోవడానికి ఊపిరి బిగబట్టింది. బిగబట్టేకొద్దీ పూరీలా ఉబ్బింది, వెలుగు మందగించింది. చివరికి ఆగలేక ఫక్కున నవ్వేసింది. ఒళ్ళంతా ఒక్కసారి ముడుచుకుని అదిరింది. ఆ అదురుకి ఊదా వెలుగు పైకి తళుక్కున చిమ్మింది.

"అవ్వా, మళ్ళీ! మళ్ళీ!" అంటూ పిల్లచుక్కలు ఉరుక్కుంటూ వచ్చాయి.

వెనకే నీలాయి వచ్చింది. "నా వెలుగు తిన్నావు కదూ?"

"పళ్ళే లేవు, ఏం తింటానే నేను!"

నీలాయి ఊరుకోలేదు. ఒక తోకచుక్కనడిగి మంచుపలుకు తెచ్చింది. అవ్వ వెలుగును అందులోంచి పోనిచ్చి, రంగురంగుల పోగులుగా విడదీసింది. ఎర్రవి బోలెడు. ఆ చివర, ఊదా దాటాక, తళతళమని కొన్ని.

'ఇవి లాక్కుపోతే పిల్లలు మళ్ళీ వెళ్ళిపోతారు' అనుకుంది అవ్వ.

"దొరికావ్!" అంటూ నీలాయి వాటిని తన వెలుగు పక్కన పెట్టి చూసింది. చూసి తెల్లబోయింది. "నాది నిండు పట్టుగుడ్డలా ఉంటుంది. ఇవేమో విడివిడి పోగులు!"

"చెప్పానా!" అంది అవ్వ, మూతి బిగించి.

"మింగింది నాదే, దొంగ ముసలీ! నీ కడుపులో పడి నీదైపోయింది. ఇక నాకెందుకు, ఉంచుకో!" అని వీపు మీద ఒక్కటి చరిచింది నీలాయి. అంతే, అవ్వ మళ్ళీ కిలకిలా నవ్వింది. పిల్లలు ఒళ్ళోకి దూకేశారు.

ఆ గిలిగింత అవ్వ ఈడు చుక్కలకూ అంటుకుంది. అప్పటినుంచే చల్లబడిన ముసలి ఎర్రచుక్కలు ఉబ్బుతూ, ముడుచుకుంటూ, మసకబారుతూ, మెరుస్తూ ఉంటాయి. ముడుచుకుని అదిరినప్పుడల్లా ఆ ఊదా పోగులు పైకి చిమ్ముతాయి. మన కంటికి మాత్రం ఆనవు. మన గాలి వాటిని దారిలోనే మింగేస్తుంది మరి!