అంబలి ఎక్కిన పల్లకీ

కొండవాకిలి రాజు పెద్దిభూపతిగారికి ఒకరోజు హఠాత్తుగా కొండెక్కి గారెలు తినాలనిపించింది. కింద కూర్చుని తింటే ఏం తక్కువని అడిగే ధైర్యం సభలో ఎవరికీ లేదు. పల్లకీ వచ్చింది. రాజుగారు ఎక్కారు. పల్లకీ మూలిగింది.

నలుగురు బోయీలూ "ఓహోం, ఓహోం" అంటూ బయల్దేరారు. సగం దారిలో ఒక్కొక్కడికీ ఒకే ఆలోచన వచ్చింది. మిగతా ముగ్గురూ మోస్తున్నారు కదా, నేనొక్కణ్ణి కాస్త భుజం దించితే ఏం పోయింది?

నలుగురూ దించారు. రాజుగారు ధబ్బున పడ్డారు, అదీ గారెల మీద.

"భుజం దించిందెవడు?" అని గర్జించారు.

ప్రతివాడూ పక్కవాణ్ణి చూపించాడు.

"నలుగురినీ రాజ్యంలోంచి తరిమేయండి!"

దండనాయకుడు వీరభల్లయ్య మీసం దువ్వుకుంటూ ముందుకొచ్చాడు. ఆయన కత్తి పట్టగా చూసినవాళ్ళు లేరుగానీ, మీసం వదలగా చూసినవాళ్ళూ లేరు.

"ఆగండి మహారాజా. వీళ్ళకి పోటీ పెట్టాలి. అందరికన్నా ఎత్తుగా మోసినవాడికి పట్టుపంచె!"

మర్నాడు నలుగురూ పల్లకీని ఎగబడి ఎత్తారు. మునివేళ్ళ మీద నడిచారు. ముందువాళ్ళు ఎత్తితే రాజుగారు వెనక్కి జారారు, వెనకవాళ్ళు ఎత్తితే ముందుకి జారారు. చివరికి పల్లకీలోంచే జారి తుమ్మపొదలో కూర్చున్నారు. ముళ్ళు తీసీ తీసీ రాజవైద్యుడి వేళ్ళు నొప్పెట్టాయి.

ఈసారి రాజుగారు ఎవరి మాటా వినేలా లేరు. పెద్ద బోయీ పోలయ్య ఏడుస్తూ ఆస్థాన విదూషకుడు చిట్టన కాళ్ళమీద పడ్డాడు.

"బాబూ, ఈ ఊరు దాటితే మాకు బతుకు లేదు. మీరే దిక్కు."

చిట్టన మనసు కరిగిపోయింది. సభలోకి వెళ్ళి చేతులు జోడించాడు.

"ప్రభూ, ఇంకొక్క అవకాశం ఇవ్వండి."

"మళ్ళీ పడితే?"

"తమరిని నా వీపు మీద కొండెక్కిస్తాను."

సభంతా చిట్టన వీపు వైపు జాలిగా చూసింది. మనిషి జొన్నదంటులా ఉంటాడు పాపం.

"వెంటనే ఒప్పుకోండి మహారాజా!" అని వీరభల్లయ్య తొందరపెట్టాడు.

మర్నాడు పొద్దున్నే చిట్టన బోయీల అంబలి కుండ తెప్పించాడు. మధ్యాహ్నం నలుగురూ తాగేది అదొక్కటే. దాన్ని ఉట్టిలో పెట్టి పల్లకీ అడుగున వేలాడదీశాడు. కుండకీ నేలకీ మధ్య జానెడు సందు. ఏ భుజం దిగినా కుండ రాయికి కొట్టుకోవడం ఖాయం.

పల్లకీ లేచింది.

"ఒరే ఎంకా, భుజం దించకురా! అంబలి!"

"నువ్వు మరీ ఎత్తమాక మామా, ఒలికిపోద్ది!"

నలుగురి అడుగూ ఒకటైంది. కొండ మలుపులో రాజుగారు గారె కోసం పక్కకి వంగారు.

"దొరా, కదలమాకండి!" అని నలుగురూ ఒక్కసారే అరిచారు.

రాజుగారు చెయ్యి గిన్నెలో ఉండగానే బిగుసుకుపోయారు. శిఖరం చేరేదాకా అలాగే ఉన్నారు.

అంబలి చుక్క కూడా ఒలకలేదు. వెనకే నడిచొచ్చిన వీరభల్లయ్య మీసం మాత్రం వాలిపోయింది.

రాజుగారి కళ్ళు చెమర్చాయి. "చిట్టనా! పట్టుపంచె ఇస్తానన్నా కుదరలేదే, ఒక్క రాత్రిలో వీళ్ళకి నా మీద ఇంత భక్తి ఎలా పుట్టించావయ్యా?"

చిట్టన వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"తమరినెవరు మోశారు ప్రభూ? వాళ్ళు అంబలిని మోసుకొచ్చారు, తమరు దాని మీద కూర్చుని వచ్చారు!"

రాజుగారికి నవ్వు పొంగుకొచ్చింది. పొట్ట ఊగింది. పల్లకీ ఊగింది.

"కుండ దించేదాకా నవ్వమాకండి దొరా!" అని పోలయ్య కేకపెట్టాడు.

రాజుగారు రెండు చేతులతో నోరు మూసుకున్నారు. కుండ దిగాక, తాను కూడా దిగి, కొండ మార్మోగేలా నవ్వారు. మెడలోని హారం తీసి చిట్టన మెడలో వేశారు. బోయీలను పక్కన కూర్చోబెట్టుకుని గారెలు పంచి, వాళ్ళ అంబలి తాను కూడా తాగారు. దిగేటప్పుడు ఖాళీ కుండ మోసే గౌరవం వీరభల్లయ్యకు దక్కింది.